కాలవ ఎండ్‌లో కోసిన మూరెడు చాప

నేను అనుమానపు మనిషిని. ముందే చెప్పేస్తే మంచిది. మా ఆవిడ పెళ్ళైన వారంలోనే కనిపెట్టింది. నాతో పనిచేసినవాళ్ళు అంతకంటే తొందరగా కనిపెట్టారు.

పాలకొల్లులో ఒక కాలేజీకి ఇరవై ఎనిమిదేళ్ళు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. రిటైరయ్యాక ఇంకో ఆరేళ్ళు ఊరి క్రికెట్ క్లబ్బుకి కోచ్‌గా ఉన్నాను. పోయిన ఏడాది అదీ మానేశాను. ఎందుకు మానేశారని అడిగినవాళ్ళందరికీ మోకాళ్ళ నొప్పులని చెప్పాను. మోకాళ్ళు నిజంగానే నొప్పి. కానీ మానేసింది అందుకు కాదు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల చేతుల్లో సర్టిఫికెట్లున్నాయి, ల్యాప్‌టాప్‌లున్నాయి, బౌలర్ చెయ్యి ఎన్ని డిగ్రీలు తిరిగిందో చెప్పే ఫోన్లున్నాయి. వాటి గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. కోచ్ పని అసలేమిటో మాత్రం చెప్పగలను. పొద్దున్నే ఆటగాళ్ళకంటే ముందు గ్రౌండుకి వెళ్ళడం, సాయంత్రం అందరి తర్వాత రావడం, మధ్యలో ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు అబద్ధం చెబుతున్నారో తేల్చుకోవడం. ఆ మూడోది నాకు బాగా వచ్చనుకున్నాను.

తునిలో పేరు పిలిచినప్పుడు

అలా అనుకోవడానికి కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాలేజీ జట్టుని తీసుకుని తుని వెళ్ళాను. అవతలి జట్టులో ఒక ఓపెనర్ మా బౌలర్లని ఉతికేస్తున్నాడు. స్కోరు పుస్తకంలో వాడి పేరు శ్రీనివాసు. వాడి జట్టువాళ్ళు మాత్రం "కొట్రా, కొట్టు" అనడమే తప్ప ఒక్కరూ పేరు పెట్టి పిలవడం లేదు. అది నా చెవికి తేడాగా అనిపించింది. టీ విరామంలో వాడి వెనకగా వెళ్ళి "శ్రీనివాసూ!" అని గట్టిగా పిలిచాను. వాడు తల తిప్పలేదు. పది గజాల దూరంలో కూర్చుని గుగ్గిళ్ళు తింటున్న ఇంకొకడు "ఏంటండీ?" అంటూ లేచాడు.

ఒకడి పేరు మీద ఇంకొకడు ఆడుతున్నాడన్నమాట. అంపైర్లు మ్యాచ్ మాకు ఇచ్చేశారు. తుని నుంచి పాలకొల్లు వచ్చేదాకా పిల్లలు బస్సులో నన్ను పొగుడుతూనే ఉన్నారు. ఆ పొగడ్త నాకు చెరుపు చేసింది. ఆ రోజు నుంచీ ప్రతివాడినీ వెనక నుంచి పేరు పెట్టి పిలిచి చూడాలనిపించేది. పుట్టిన తేదీలు తప్పు వేసుకొచ్చినవాళ్ళని పట్టుకున్నాను. కడుపునొప్పని చెప్పి సినిమాకి పోయినవాళ్ళని పట్టుకున్నాను. పట్టుకున్నవి లెక్కలో ఉంటాయి కదా. అన్యాయంగా అనుమానించినవి లెక్కలోకి రావు, వాళ్ళు ఏమీ అనకుండా తప్పుకుంటారు.

క్లబ్బుకి వచ్చాక నా పైవాడు కూడా నాలాంటివాడే దొరికాడు. క్లబ్బు ప్రెసిడెంటు సుబ్బారావు గారిది రైసుమిల్లు. మంచి మనిషే. కానీ బస్తాలో ఇనప గొట్టం గుచ్చి, నాలుగు గింజలు బయటికి లాగి చూస్తే తప్ప దేన్నీ నమ్మరు. "బస్తా మీద ఏం రాసుందో నాకక్కర్లేదండీ మాస్టారూ. లోపల ఏముందో చూడాలి" అనేవారు. నాకు ఆ మాట భలే నచ్చింది. మనుషుల్లో కూడా గొట్టం గుచ్చవచ్చని ఇద్దరమూ అనుకున్నాం. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీ అభిప్రాయమే ఉన్న పైవాడు దొరికితే సంతోషించకండి. ఇద్దరూ కలిసి ఒకే గోతిలో పడతారు.

ప్రసాదు

దుర్గాప్రసాదు నాకు వాడి పన్నెండో ఏట నుంచీ, నేనింకా కాలేజీలో ఉన్నప్పటి నుంచీ తెలుసు. వాళ్ళ నాన్న చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. బంతి సీము మీద రెండు వేళ్ళు ఎలా పెట్టాలో వాడికి చూపించింది నేనే. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. మాట తక్కువ. ఇరవై నాలుగేళ్ళు వచ్చేసరికి రెండు గోదావరి జిల్లాల క్లబ్బుల్లోనూ అంత వేగంగా బంతి వేసేవాడు లేడు.

మా గ్రౌండులో ఆట కొబ్బరి పీచు చాప మీద. మాది నల్లరేగడి, వానకి అంటుకుంటుంది, ఎండకి బీటలు తీస్తుంది. అందుకని పిచ్ మీద పొడవాటి చాప పరిచి, చుట్టూ ఇనప మేకులు దిగేసి ఆడతాం. చాపకి ఒక చివర బడి వైపు, ఇంకో చివర కాలవ గట్టు వైపు. కాలవ మీద నుంచి గాలి వీస్తుంది కాబట్టి పెద్ద బౌలరెవరో వాడిదే కాలవ ఎండ్. అది మా క్లబ్బులో మొదటి నుంచీ ఉన్న ఆచారం. ప్రసాదుది కాలవ ఎండ్. రెండో బౌలరు బడి ఎండ్ నుంచి వేస్తాడు. ఇది ఎవరూ మార్చరు, మార్చాలని ఎవరికీ తోచదు.

ఆ ఏడాది వానలకి స్టోరు గదిలో చాప ఒక కొసన ఎలుకలు కొట్టాయి. సీజను మొదలవబోతోంది. చాప మొత్తం మార్చడమెందుకని కొట్టిన చోట మూరెడు కోయించేశాను. గ్రౌండు చూసే నూకరాజు "మూరెడేగా సార్, ఏమైపోద్ది" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. కోసిన ముక్కలో ఎలుకలు కొట్టని భాగం బాగానే ఉంది. పారెయ్యడమెందుకని ఇంటికి తెచ్చి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి వేశాను. చాప పరిచేటప్పుడు కోసిన కొస కాలవ వైపుకి వచ్చింది.

ఆ సీజను మొదటి మ్యాచ్ నుంచే ప్రసాదు బంతి పాడైంది. ఎక్కడ పడాలో అక్కడ పడటం మానేసింది. ముందే పడి, నడుమెత్తున లేచి, ఇదిగో కొట్టుకోండన్నట్టు బ్యాటు మీదికి వెళ్ళేది. పదహారేళ్ళ పిల్లలు కూడా వాణ్ణి కాలవలోకి కొట్టారు. రెండో మ్యాచ్ అయ్యాక వాడు నా దగ్గరికి వచ్చాడు. టవలు భుజాన వేసుకుని, నేల చూస్తూ నిలబడ్డాడు.

"మాస్టారూ, కాలు పడేచోట ఏదో తేడాగా ఉందండీ."

ఆ ఉదయమే వాడు ప్రాక్టీసుకి అరగంట ఆలస్యంగా వచ్చాడు. అది నా మనసులో ఉంది.

"కాలు బాగానే ఉందిరా. అది ఎక్కడెక్కడ తిరుగుతోందో అది చెప్పు ముందు" అన్నాను.

పక్కనున్న నలుగురు నవ్వారు. వాడు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను గమనించినవి

ఇక నా కళ్ళు పనిలో పడ్డాయి. ప్రాక్టీసులో, సిమెంటు పిచ్ మీద, ప్రసాదు నిప్పులు కురిపించేవాడు. అదే మనిషి మ్యాచ్‌లో, మన జనం ముందు, కొట్టించుకునేవాడు. చేతనైనవాడు కావాలని చెయ్యట్లేదని నాకు అనిపించింది.

మధ్యలో భీమవరం వెళ్ళి ఆడాం. అక్కడ ఐదుగురిని తీశాడు. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. సొంతూళ్ళో కొట్టించుకుని, పరాయి ఊళ్ళో వికెట్లు తీస్తున్నాడంటే పరాయివాళ్ళకి సరుకు చూపించుకుంటున్నాడన్నమాటే కదా! సుబ్బారావు గారికి చెబితే ఆయన గడ్డం గోక్కుని "లోపల పుచ్చండీ" అన్నారు.

ఆ తర్వాత టైలర్ వీర్రాజు వచ్చాడు. వీర్రాజు మా క్లబ్బుకి పెద్ద అభిమాని. మ్యాచ్ ఉన్న రోజు మిషను ముట్టుకోడు. జాకెట్లు ఇచ్చినవాళ్ళు గ్రౌండుకి వచ్చి తిట్టిపోవాల్సిందే.

"మాస్టారూ, మీకో మాట. నేనన్నానని అనకండి. భీమవరం బస్టాండు దగ్గర మన ప్రసాదు రాజు గారితో టీ తాగతన్నాడండీ. నా కళ్ళతో చూశాను."

రాజు గారంటే భీమవరం క్లబ్బు కోచ్. రొయ్యల చెరువులున్న ఆసామి. అరవై దగ్గర పడుతున్నా సన్నగా, ఎండకి నల్లబడి, ఎప్పుడూ చీలమండల దాకా బురదతో ఉంటాడు. ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే నవ్వుతాడు. నవ్వేవాళ్ళని నేను అసలే నమ్మను.

ప్రసాదుని పిలిచి అడిగాను. "భీమవరం ఎందుకెళ్ళావ్?"

"పనుండి వెళ్ళానండీ."

"ఏం పని?"

వాడు జవాబు చెప్పలేదు. నాకు కావలసిన జవాబు దొరికిందనుకున్నాను.

కొన్నాళ్ళకి భీమవరం వాళ్ళు మా గ్రౌండుకి వచ్చారు. ఎప్పటిలాగే ప్రసాదుని ఉతికారు. ఆట అయిపోయి అందరూ షెడ్డులో పులిహోర తింటుంటే, రాజు గారు ఒక్కడూ కాలవ ఎండ్‌లో గొంతుక్కూర్చుని ఉండటం చూశాను. నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. చాప అంచు ఎత్తి చూశాడు. ఆ తర్వాత ఫోను తీసి ఫోటో కొట్టాడు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ వచ్చేసరికి పిచ్‌ని ఏదో చెయ్యబోతున్నాడు, లేదా ఇప్పటికే చేశాడు! ఆయన కారెక్కగానే నూకరాజుని పిలిచి చాప మేకులన్నీ లెక్కపెట్టమన్నాను.

"అన్నీ ఉన్నాయి సార్" అన్నాడు నూకరాజు.

"మళ్ళీ లెక్కపెట్టు."

మళ్ళీ లెక్కపెట్టాడు. నేను కూడా పక్కనే వంగి లెక్కపెట్టాను. మేకులు చూశాను కానీ, ఆ మేకులకి వెనకాల మట్టిలో ప్రసాదు బూటు తవ్విన గుంట నా కంటికి ఆనలేదు. గుంట మీదే నిలబడి మేకులు లెక్కపెట్టాను.

ఏమడగాలి?

మరో రెండు రోజులకి రాజు గారి నుంచి కబురు వచ్చింది. ప్రసాదుని మాకివ్వండి, మా ఓపెనర్ కిరణ్‌ని మీరు తీసుకోండి అని. మా క్లబ్బుల మధ్య సీజను సగంలో ఇలా ఆటగాళ్ళని మార్చుకునే పద్ధతి ఉంది. డబ్బు మాట రాకూడదు. మనిషికి మనిషి, కావాలంటే పైన ఏదైనా ఆట సామాను. రెండు క్లబ్బులవాళ్ళూ కలిసి భోజనం చేసి ఒప్పుకుంటే అయిపోయినట్టే.

కబురు ఎలా పొక్కిందో గానీ సాయంత్రానికల్లా ఊరంతా అదే గోల. అభిమానుల వాట్సాప్ గ్రూపులో నన్నూ వేశారు. ఫోను మోగుతూనే ఉంది. వీర్రాజు కొట్టు ముందు బల్ల మీద పంచాయితీ పెట్టారు. నేనూ వెళ్ళి కూర్చున్నాను.

"కిరణ్ ఒక్కడూ చాలడండీ. వాళ్ళ కీపర్ని కూడా లాగాలి" అన్నాడు వీర్రాజు, నోట్లో సూది పెట్టుకునే.

"కొట్టించుకునేవాడికి ఇద్దరెలాగిస్తార్రా? వాళ్ళకేమన్నా పిచ్చా?" అన్నారు బ్యాంకులో చేసి రిటైరైన మూర్తి గారు.

"పోయినేడు వాడు మనకి కప్పు తెచ్చాడు కదండీ!"

"పోయినేడు పాలిచ్చిందని వట్టిపోయిన గేదెని ఎవడైనా కొంటాడా?"

"కొంటానంటున్నాడు కదండీ మరి! కొనేవాడికి లేని బాధ మీకెందుకు?"

"అదే కదా నేను చెప్పేది. కొనేవాడు పళ్ళు చూసే కొంటాడు. ఏం చూశాడో మనకి తెలియాలా వద్దా?"

ఆ మాట దగ్గర అందరూ నా వైపు చూశారు. మూర్తి గారు సరైన ప్రశ్న వేశారు. ఏం చూశాడో తెలుసుకోవాలి. కానీ నేను దానికి జవాబు ముందే పెట్టుకుని కూర్చున్నాను. "ఇందులో చూడ్డానికేముందండీ? వాళ్ళిద్దరూ ఎప్పుడో మాట్లాడుకున్నారు. మనవాడు కావాలనే కొట్టించుకుని రేటు దించాడు, అంతే" అన్నాను.

కోచ్ నోటి నుంచి వచ్చిన మాట కదా. గంటలో గ్రూపంతా పాకింది. అప్పటిదాకా ప్రసాదుని వెనకేసుకొచ్చిన వీర్రాజు కూడా "అయితే వదిలించుకోండి మాస్టారూ. ఇద్దరొస్తే ఇద్దరు, ఒకడొస్తే ఒకడు" అన్నాడు.

భోజనాలు సుబ్బారావు గారి మిల్లులో పెట్టారు. నేను కిరణ్‌తో పాటు కీపర్ని కూడా అడిగాను. రాజు గారు అన్నం కలుపుతూ, "కీపర్నివ్వలేనండీ. మా దగ్గర కొత్త మ్యాట్ ఒకటుంది. అంబాజీపేటలో నేయించాం. నిండు పొడుగు. అది తీసుకోండి" అన్నారు.

"మ్యాట్ మాకుందండీ" అన్నాను.

"ఉన్నా తీసుకోండి మాస్టారూ. మంచిది."

రెండుసార్లు చెప్పారు. అడగని వస్తువు ఇస్తానని వెంటపడేవాణ్ణి చూస్తే నాకెలా ఉంటుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఆ చాప మీద బంతి ఎలా తిరుగుతుందో వాళ్ళ కుర్రాళ్ళకి తెలుసు, మన గ్రౌండులో కూడా వాళ్ళ చాపే పరిపించాలని చూస్తున్నాడనుకున్నాను. సుబ్బారావు గారి చెవిలో అదే వేశాను. ఆయన తలూపారు. చాప వద్దని, దాని బదులు వాళ్ళ పాత రోలరు అడిగాం. రాజు గారు నా ముఖంలోకి ఒకసారి చూసి "మీ ఇష్టమండీ" అన్నారు. ఆయన అప్పుడు నవ్వలేదు.

ఊళ్ళో మాత్రం పండగ. ఓపెనరూ, రోలరూ! మాస్టారు గట్టివాడన్నారు. ప్రసాదు మిల్లు గేటు దగ్గర నా కాళ్ళకి దణ్ణం పెట్టి రాజు గారి కారెక్కాడు. దణ్ణం కూడా నాకు నటనలాగే కనిపించింది.

ఫోనులో ఒక్క మాట

ఇక్కడిదాకా జరిగింది ఆట. ఇది ఆట కాదు.

ఆ నెలలోనే జిల్లా జట్టు ఎంపిక. ఇరవై ఐదు లోపువాళ్ళ జట్టుకి ప్రసాదుకి అదే ఆఖరి ఏడు. ఆ జట్టులో ఆడితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్ళ నాన్న చెట్టెక్కడం మానేసి అప్పటికి ఏడాది దాటింది, నడుం పోయింది. ఇంటిల్లిపాదీ వాడి మీదే ఆశ పెట్టుకున్నారని నాకు తెలుసు.

ఎంపిక చేసే ఆయన నాకు పాత స్నేహితుడు. ఫోను చేసి "మీ చేతిలో పెరిగిన కుర్రాడు కదా, ఎలాంటివాడండీ?" అని అడిగాడు.

"బంతి బాగానే వేస్తాడండీ. ఎప్పుడు వెయ్యాలో, ఎవరి కోసం వెయ్యాలో వాడిష్టం" అన్నాను.

అంతే అన్నాను. అబద్ధమొకటీ లేదు చూడండి. నా పనితనం అది. ఆయన "ఓహో" అని ఫోను పెట్టేశాడు. జాబితా వచ్చింది. ప్రసాదు పేరు లేదు. నేను ఆ రోజు రెండు పూటలా హాయిగా భోంచేశాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

మీలో ఎవరికైనా ఇలాంటి ఫోను వస్తుంది. తప్పకుండా వస్తుంది. తెలిసింది చెప్పండి. అనుమానపడింది చెప్పకండి. రెంటికీ తేడా తెలియకపోతే "నాకు తెలియదండీ" అనండి, అందులో పరువు తక్కువేమీ లేదు.

బడి ఎండ్

సీజను చివర్లో భీమవరం వాళ్ళు మళ్ళీ మా గ్రౌండుకి వచ్చారు. మేం టాస్ గెలిచి బ్యాటింగు తీసుకున్నాం. ఊరంతా వచ్చింది. ప్రసాదుని కాలవలోకి కొడితే చూడాలని వచ్చారు. వీర్రాజు ఈల కూడా తెచ్చాడు.

ప్రసాదు బంతి తీసుకుని కాలవ వైపు వెళ్ళలేదు. బడి ఎండ్‌కి వెళ్ళాడు.

గాలికి ఎదురుగా పరుగెత్తి వేసిన మొదటి బంతికే కిరణ్ వికెట్టు లేచింది. మేం మార్చుకున్న కిరణే. మూడో ఓవరులో ఇంకొకడు. వీర్రాజు ఈల జేబులో పెట్టుకున్నాడు. ఆరుగురిని తీశాడు ప్రసాదు. ఆరు వికెట్లూ బడి ఎండ్ నుంచే. అదే గ్రౌండు, అదే చాప, అదే జనం. నా మెదడు అప్పటికీ ఊరుకోలేదు. చూశారా, అప్పుడు కావాలనే చేశాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను! కానీ ఒక్కటి ఆ లెక్కలో ఇమడలేదు. గాలికి ఎదురు ఎందుకు వేశాడు? ఏ బౌలరైనా గాలి వాటాన్ని వదులుకుంటాడా?

ఆట అయ్యాక నేనే నడుచుకుంటూ కాలవ ఎండ్‌కి వెళ్ళాను. వెనకాల అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. రాజు గారు.

"కూర్చోండి మాస్టారూ" అన్నారాయన. ఇద్దరం గొంతుక్కూర్చున్నాం.

ఆయన వేలుపెట్టి చూపించారు. బంతి వదిలే ముందు బౌలరు ఎగిరి, వెనక కాలు వికెట్ల పక్కన దించుతాడు. పాత చాప అయితే వికెట్ల వెనక ఇంకో మూరెడు ఉండేది, కాలు మొత్తం చాప మీద పడేది. నేను కోయించాక చాప అంచు సరిగ్గా ప్రసాదు కాలు పడేచోటికి వచ్చింది, మిగతావాళ్ళ కాలు ఇంకాస్త లోపలే పడేది. సగం పాదం చాప మీద, సగం మట్టిలో, మధ్యలో మేకుల వరస.

"మొదటి మ్యాచ్‌లోనే చీలమండ మడతపడిందండీ. అప్పణ్ణించి భయం. అంచు తగలకుండా అడుగున్నర ముందే దిగిపోయేవోడు. అడుగున్నర వెనకనించి వేస్తే బంతి ముందే పడదేంటండీ? అదుగో, ఆ గుంట చూడండి."

పాత గుంట. అరిగి, వాన నీళ్ళకి కొంచెం పూడి, ఇంకా కనిపిస్తోంది. చాపకి వెనకాల, మట్టిలో. చాప కోయించింది నేను. అక్కడే నిలబడి మేకులు లెక్కపెట్టించింది నేను.

"మీకెలా తెలిసిందండీ?" అన్నాను.

"భీమవరంలో కట్టు కట్టించుకోడానికొచ్చాడండీ. మీకు తెలిస్తే జట్టులోంచి తీసేస్తారని ఇక్కడ కట్టించుకోలేదంట. బస్టాండులో కుంటుతా కనపడితే టీ ఇప్పించాను. కాలెలా మడతపడిందిరా అంటే అప్పుడు చెప్పలేదు. మేం రొయ్యలోళ్ళం కదండీ. రొయ్య మేత తినకపోతే రొయ్యని తిట్టం. నీళ్ళు చూస్తాం, అడుగున మట్టి చూస్తాం. ఇక్కడా అదే చూశాను."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"చెప్తే మీరు కుర్రోణ్ణివ్వరు కదండీ" అని నవ్వారు. తర్వాత నవ్వు ఆపేశారు. "చెప్పకపోతే నాకు బాలేదండీ. అందుకే మ్యాట్ తీసుకోమన్నాను. రెండుసార్లన్నాను."

ఆయన పూర్తి మంచివాడని నేను అనను. ఒక్క మాట చెబితే ఒక కుర్రాడి ఏడాది నిలబడేది, చెప్పలేదు. కానీ ఆయన ఇస్తానన్న నిండు చాప తీసుకుని పరిచి ఉంటే ఆ గుంట దాని కిందికి వచ్చేది, సంగతి నాకే తెలిసేది. ఆయన నన్ను చేసిన మోసమంతా ఒక మాట దాచడమే. నన్ను నేను చేసుకున్న మోసం ఇంతా అంతా కాదు.

స్నేహితుడికి ఫోను చేసి, నేను తప్పు చెప్పానని చెప్పాను. "జట్టు ఆడేసి కూడా వచ్చేసింది కదండీ, ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు. వీర్రాజు కొట్టు దగ్గరికెళ్ళి, బల్ల మీద కూర్చున్న అందరికీ జరిగింది చెప్పాను. వీర్రాజు నోట్లో సూది తీసి "పాపం మాస్టారూ" అన్నాడు. ఎవరిని పాపం అన్నాడో నేను అడగలేదు. మర్నాడు సుబ్బారావు గారికి చెప్పి క్లబ్బు మానేశాను.

గుమ్మంలో

ప్రసాదు ఇప్పుడు రాజు గారి చెరువుల దగ్గర పనిచేస్తున్నాడు. మేత బస్తాల వ్యాను తోలతాడు, వారం చివర్లో బంతి వేస్తాడు. రమ్మని కబురు చేస్తే ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు.

చెప్పులు విప్పి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కింద చూస్తున్నాడు.

"ఇదేనాండీ?"

"ఇదే" అన్నాను.

వాడు వంగి, ఆ చాప ముక్క మీద మడమ ఒక కొసకి ఆనించి పాదం పెట్టి చూసుకున్నాడు. పాదం పూర్తిగా పట్టి, ఇంకా కొంచెం మిగిలింది. తర్వాత లోపలికొచ్చాడు.

చెప్పాల్సిందంతా చెప్పాను. చాప సంగతి, బల్ల దగ్గర అన్న మాట, ఫోనులో అన్న మాట. ఫోను మాట వాడికి ముందే తెలుసట. తప్పు నాదేనని అన్నాను. మా ఆవిడ టీ తెచ్చి పెట్టి, నా ముఖం చూసి, లోపలికెళ్ళిపోయింది. వాడు టీ తాగాడు.

"ఒక్కటడుగుతానండీ. కాలు పడేచోట తేడాగా ఉందని అప్పుడు చెప్పాను కదండీ. అది మీరు వినలేదా? కాలు అన్న మాట ఒక్కటే వినపడి, మిగతాది గోలలో కలిసిపోయిందేమోనని ఇన్నాళ్ళూ అనుకున్నానండీ."

ఔనని అనవచ్చు. గోలగానే ఉంది ఆ రోజు. వాడు నాకు దారి ఇస్తున్నాడు. వినపడలేదంటే సగం బాధ తగ్గుతుంది, వాడికీ, నాకూ.

"విన్నాన్రా. నమ్మలేదు" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "సరేనండీ, వెళ్ళొస్తాను" అని లేచాడు. నేను గుమ్మం దాకా వెళ్ళాను. వాడు చాప ముందు ఒక్క క్షణం ఆగాడు. దాని మీద అడుగు పెట్టలేదు. అడుగున్నర ముందు నుంచే కాలు చాపి, దాటుకుని వెళ్ళిపోయాడు.